మొప్పలు తీసేసిన చేపలు

పశువైద్యంలో డిగ్రీ పూర్తయిన ఏడాది, పీజీకి ఏం తీసుకుంటున్నావని కనబడ్డవాళ్ళందరూ అడిగేవారు. చేపల ఆరోగ్యం అని చెప్పేదాన్ని. వినగానే అందరి మొహాలూ ఒకేలా మారేవి. ముందు సరిగ్గా వినబడలేదేమో అనుకునేవారు, తర్వాత నవ్వాపుకునేవారు, ఆ తర్వాత ఆపుకోలేకపోయేవారు. మా బ్యాచ్‌లో కుక్కల శస్త్రచికిత్స తీసుకున్న కుర్రాడొకడు, "చేపకి నాడి ఎక్కడ పట్టుకుంటావు?" అని అందరి ముందూ అడిగాడు. "తోక దగ్గర. నీకూ అక్కడే చూడమంటావా?" అన్నాను. మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు.

నా నోరు అలాంటిది. మాది కళింగపట్నం. నాన్న వేటకెళ్ళి తెచ్చిన చేపల్ని అమ్మ గంపకెత్తుకుని శ్రీకాకుళం మార్కెట్లో అమ్మేది. బేరాల మధ్య పెరిగిన పిల్లకి మెత్తటి నోరు ఎక్కడ్నుంచి వస్తుంది? ఆ నోరు ఇచ్చిన అమ్మకే నా చదువు సంగతి మింగుడుపడలేదు.

"సేపని పట్టాల, అమ్మాల, వండాల. బాగు సేయడమేటే?" అంది.

"సెరువుల్లో పెంచే సేపలకి జబ్బులొస్తాయమ్మా. సూసేవోళ్ళు ఉండాల కదా."

"ఆవుకైతే పాలుంటాయి, ఎద్దుకైతే సాకిరీ ఉంటాది. సేపకేటుంటాది? కూరేగా."

వాడలో ఎవరైనా అడిగితే "మా గుంట పశువుల డాక్టరు సదువుతన్నాది" అని ఊరుకునేది. చేపల ఊసెత్తేది కాదు. చేపలు అమ్మి చదివించిన పిల్ల మళ్ళీ చేపల దగ్గరికే రావడం ఏమిటని ఆవిడ బాధ.

నాకు మాత్రం మొదటి రోజు నుంచీ గర్వంగానే ఉండేది. దాచుకోవడం దేనికి? మా తీరం వెనక పొలాలు చాలావరకు చెరువులైపోయాయి. వరి పండినచోట చేపలూ రొయ్యలూ పెరుగుతున్నాయి. ఆవు పడుకుని లేవకపోతే ఊళ్ళో పశువుల ఆసుపత్రికి కబురెళ్తుంది. చెరువులో చేపలు తేలితే మాత్రం రైతు మేత అమ్మే దుకాణానికి పరిగెడతాడు. అక్కడున్నాయన ఎదురుగా ఉన్న డబ్బా తీసిస్తాడు. చేపని చేతిలోకి తీసుకుని, కోసి, ఇదీ కారణం అని చెప్పే మనిషి దగ్గర్లో లేడు. ఆ మనిషిని నేనవుతానని పట్టుబట్టాను.

గరివిడిలో మా ప్రయోగశాల ఒక పొడుగాటి గది. ఒక గోడ వెంబడి గాజుతొట్లు, వాటిలో బుడబుడమంటూ గాలి. చేపకి మత్తివ్వడానికి లవంగనూనె వాడతాం కాబట్టి ఆ గదిలో ఎప్పుడూ లవంగాల వాసన. పక్క విభాగాలవాళ్ళు తలుపు తోసి, బిర్యానీ అయిందా అని అడిగి పోయేవారు. మా గైడ్ మేడమ్ విజయనగరం ఆవిడ. చీర కట్టుకుని కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకునేవారు. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే. మాట మాత్రం చాలా పొదుపు.

చేరిన కొత్తలో నేను చేపని చూడగానే జబ్బు పేరు చెప్పేసేదాన్ని. పుస్తకం కంఠతా వచ్చు మరి. ఆవిడ వినేవారు కాదు.

"పేరు ఎవరడిగారు? ఏం కనబడుతోందో చెప్పు."

నెలల తరబడి అదే వరస. మొప్ప ఏ రంగులో ఉంది, దాని మీద జిగురెంత, కాలేయం అంచు పదునుగా ఉందా మొద్దుబారిందా, మూత్రపిండం వాచిందా లేదా. కనబడింది చెప్పాలి, కనబడనిది కనబడలేదని చెప్పాలి. జబ్బు పేరు మాత్రం నోట్లోంచి రాకూడదు. నాలాంటి వాగుడుకాయకి అంతకంటే పెద్ద శిక్ష ఉండదు. హాస్టల్‌కొచ్చి ఆవిణ్ణి నా రూమ్మేట్ దగ్గర కడుపారా తిట్టుకునేదాన్ని.

ఒకరోజు ఒక బొచ్చె చేప మొప్ప ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, చూసినదంతా వరసగా చెప్పుకుంటూ పోయాను. ఎక్కడా తడుముకోలేదు, పేరు జోలికి పోలేదు. అంతా విన్నాక ఆవిడ, "ఇప్పుడు పేరు చెప్పు" అన్నారు. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుని తన పనిలో పడిపోయారు. మెచ్చుకోలు అంతే. ఆ రోజు హాస్టల్‌కి వెళ్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

మా మావ సంగతి అప్పుడే మొదలైంది. మావ అంటే అమ్మ తమ్ముడు, నాకు సొంత మేనమామ. పెళ్ళయిన దగ్గర్నుంచీ గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద పని. మా తీరంలో చాలా ఇళ్ళలో అంతే. వేసవిలో వేట ఆపినప్పుడు మగవాళ్ళు ఇంటికొస్తారు. వానలు పడ్డాక ఆమదాలవలసలో రైలెక్కితే మళ్ళీ వేసవికే రావడం. మావకి పిల్లలు పుట్టిన కబురు కూడా అక్కడ బోటు దిగాకే తెలిసింది. ఏడాదిలో ఎక్కువ కాలం అత్త ఒక్కతే ఇల్లు నడుపుకునేది.

ఆ ఏడు వేసవిలో వచ్చిన మావ, ఇక వెళ్ళనన్నాడు. కళింగపట్నం నుంచి లోపలికి, వంశధార కాలువ పక్కన ఒక చెరువు కౌలుకి తీసుకుని బొచ్చె, శీలావతి చేపపిల్లలు వేశాడు. బోటు నడిపించే పెద్దని మావాళ్ళు తండేలు అంటారు. వానలు మొదలయ్యాక తండేలు పిలిస్తే, "నాను రాను బావా, సేపలు పెంచుకుంటాను" అన్నాడట. అత్త ఈ మాట మా అమ్మకి చెబుతూ, నమ్మాలో వద్దో తెలియని నవ్వొకటి నవ్విందట.

సముద్రం మీద బతికినవాడికి చెరువు కొత్త. సముద్రంలో చేపకి ఎవరూ మేత వేయరు. ఇక్కడ వేయాలనేసరికి మావకి చెయ్యి ఆగలేదు. తవుడు, వేరుశనగ చెక్క, కోళ్ళ ఎరువు, ఎంత పోస్తే అంత పెరుగుతాయనుకున్నాడు. బోటు మీద క్షణం తీరిక లేకుండా పనిచేసిన మనిషి గట్టు మీద ఊరికే కూర్చోలేక, ఏమీ తోచనప్పుడల్లా ఒక బుట్ట మేత దింపేవాడు. కొన్ని నెలలు చేపలు బాగానే పెరిగాయి. చలి మొదలయ్యాక నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరవసాగాయి. తర్వాత రోజూ కొన్ని తేలేవి. దుకాణం ఆయన ఒక డబ్బా ఇచ్చాడు, అది కలిపాడు. ఇంకోటిచ్చాడు, అదీ కలిపాడు. చావులు ఆగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెరావల్‌లో ఆ బోటు మీద ఒకడు జబ్బుచేసి ఇంటికొచ్చేశాడు. తండేలు మళ్ళీ ఫోన్ చేశాడు. చోటు ఖాళీగా ఉంది, నీ కోసం కొన్నాళ్ళు చూస్తాను, తర్వాత వేరేవాణ్ణి పెట్టుకుంటాను అన్నాడు.

ఇదంతా నాకు అత్త ఫోన్‌లో చెప్పింది. ఏడవలేదు, బతిమాలలేదు. "మీ మావ సంచి దింపి దులుపుతన్నాడే" అంది, అంతే. చేపలు పోతే ఒక పంట పోతుంది, అది వేరే సంగతి. మావ ఆ రైలెక్కితే ఇక చెరువు ఊసెత్తడు. అత్తకి మళ్ళీ వేసవి మనిషే మిగులుతాడు. ఆ ముక్క అత్త నోటితో అనలేదు, నాకు అర్థమైంది.

మావకి ఫోన్ చేసి, చేపలు గరివిడి తెమ్మన్నాను. తేలిపోయినవి వద్దు, కొన ఊపిరితో ఉన్నవి పట్టి, వెంటనే మంచులో పెట్టి, పొద్దున్న ప్యాసింజరెక్కి తిన్నగా వచ్చెయ్యమన్నాను. మా మేడమ్ కూడా చూస్తారు అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది ఆ ఒక్క మాటే.

మర్నాడు మావ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజం మీద థర్మోకోల్ పెట్టె, పెట్టెలోంచి కారిన నీళ్ళకి తడిసిన భుజం. మేడమ్‌కి దండం పెట్టి పెట్టె బల్ల మీద దించాడు. నేను చేతులకి తొడుగులేసుకుని, కత్తెర, చాకు, గాజుపలకలు వరసగా పెట్టుకుని మూత తీశాను.

లోపల అరిటాకు. ఆకు మీద చేపలు. పొలుసు ఒక్కటి లేకుండా గీకి, రెక్కలు కత్తిరించి, మొప్పలు లాగేసి, పొట్ట చీల్చి లోపలిదంతా తీసేసి, నీచు పోయేదాకా కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి ఉన్నాయి. మిలమిల మెరుస్తున్నాయి. నూనె కాగితే చాలు.

"మావా, ఇదేటి?"

"ఏటేటి? సేపలు."

"మొప్పలేవి? పొట్టలోవన్నీ ఏవి?"

"మీ అమ్మ సేసినాది" అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. "మేడమ్‌గోరికి పంపే సేప అలగే పంపుతామేట్రా అని తిట్టినాది. తెల్లారకుండా లేచి కత్తిపీట ఏసుకు కూసున్నాది."

మా వాడలో అదొక మర్యాద. అయినవాళ్ళింటికి చేపని ఉన్నదున్నట్టు పంపొచ్చు. గౌరవించాల్సినవాళ్ళింటికి పంపితే మాత్రం అంతా బాగుచేసి, ఉప్పూ పసుపూ రాసి పంపాలి. ఆ ఇంటి ఇల్లాలి చెయ్యి నీచు కాకూడదు. నా చదువంటే పెదవి విరిచే మనిషి, నాకు చదువు చెప్పే ఆవిడకి తన చేతనైనంత గొప్ప మర్యాద చేసింది. నేను చూడాల్సినవన్నీ తీసి పిల్లికి పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. అక్కడికక్కడే అమ్మకి ఫోన్ చేశాను.

"ఏటి సేసినావే అమ్మా? నాకు కావలసింది ఆ మొప్పలే."

"మొప్పలేటి సేసుకుంటావే? పులుసులోకి కూడా పనికిరావు" అంది అమ్మ. "మేడమ్‌గోరు ఏటన్నారు? బాగున్నాయన్నారా?"

ఫోన్ పెట్టేశాను. మేడమ్ పెట్టెలోకి వంగి చాలాసేపు చూశారు. "ఎంత శుభ్రంగా చేశారో" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నారు. జబ్బు చేపలు కాబట్టి తినడానికి వీల్లేదని మావకి నచ్చజెప్పి పూడ్పించారు. గోతిలో మట్టి వేస్తున్నంతసేపూ మావ మొహం చూడలేకపోయాను. తర్వాత మేడమ్ నా వైపు తిరిగారు.

"చేప మన దగ్గరికి రాలేదు. నువ్వే దాని దగ్గరికి వెళ్ళు."

"మీరు రారా మేడమ్?"

"నాకు పరీక్షల డ్యూటీ ఉంది."

"ఒక్కదాన్నేనా?"

"ఎంతమంది కావాలి?"

ఆవిడ బీరువా తెరిచి, చెరువుల దగ్గరికి తాను తీసుకెళ్ళే మైక్రోస్కోపు పెట్టె నా చేతిలో పెట్టారు. దాని మీది దుమ్ము కూడా మమ్మల్ని తుడవనిచ్చేవారు కాదు. అది అందుకున్నప్పుడు నాకు పట్టా పుచ్చుకున్న రోజున కూడా కలగనంత గర్వం కలిగింది. వెంటనే భయం కూడా వేసింది.

ప్యాసింజర్‌లో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీపురుపల్లిలో ఎక్కిన పెద్దాయన అదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మావే అందుకున్నాడు. "సేపల రోగం సూసే మిషను. మా కోడలు సేపల డాక్టరు" అన్నాడు. ఆయన నవ్వుతాడేమోనని మావ కళ్ళు చిట్లించి చూశాడు. పెద్దాయన నవ్వలేదు. తమ ఊళ్ళో చెరువు కూడా చూడాలని నా నంబరు తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. కాలువ నీళ్ళు పడే మూల చేపలు గుంపుగా చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. గట్టు మీద అత్త గంపతో తిరుగుతూ తేలినవాటిని ఏరుతోంది. అమ్మ నా మీద అలిగి మోటారు షెడ్డు అరుగు మీద కూర్చుంది. మేత దుకాణం ఆయన కూడా వచ్చి ఉన్నాడు. చేతిలో కొత్త డబ్బా.

"ఇది కలిపి సూడండి, లేదా రేపే వల లాగించేసి ఉన్న సేపలు అమ్మేయండి. ఇంకా ఆగితే అవీ ఉండవు" అన్నాడు మావతో. మావ అప్పటికే వలవాళ్ళకి మర్నాటికి రమ్మని కబురుపెట్టాడట. ఎదగని చేపల్ని అమ్మేసి, సంచి భుజానేసుకోవడానికి మనసులో సిద్ధమైపోయాడు.

"మావా, విసురువల తియ్యి" అన్నాను.

మావ వల విసిరితే చూడాలి. అంతవరకూ వంగిపోయి ఉన్న మనిషి ఒక్కసారిగా నిటారుగా అయ్యాడు. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడింది. పడ్డ చేపల్లో నీరసించినవి కొన్ని, హుషారుగా ఉన్నవి కొన్ని బకెట్టులో వేసుకున్నాను. లవంగనూనె చుక్కలు వేసి మత్తిచ్చాను. కోసి ముందు లోపల చూశాను. కాలేయం బాగుంది. మూత్రపిండం వాయలేదు. పొట్టలో నీరు లేదు. చర్మం మీద పుండు లేదు. పైకే చెప్పుకుంటూ చూశాను, అలవాటైపోయింది మరి. గట్టు మీదవాళ్ళకి నేను చేపతో మాట్లాడుతున్నట్టు ఉండి ఉంటుంది.

తర్వాత మొప్ప. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి, పైన తెల్లటి జిగురు కట్టింది. ముక్క కత్తిరించి గాజుపలక మీద నీటిచుక్కలో పెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

కనబడ్డాయి. మొప్ప నిండా గుండ్రటి పురుగులు, అంచున పళ్ళ చక్రంతో, గిరగిర తిరుగుతూ. ఒకటీ అరా అయితే ప్రతి చెరువులోనూ ఉంటాయి. ఇక్కడ మొప్ప కనబడకుండా కమ్మేశాయి. ఇంకో చేప, ఇంకో చేప, అన్నిట్లోనూ అదే. దుకాణం ఆయన ఇచ్చిన డబ్బాలు వేరే జబ్బులకి, వీటిని ఏమీ చేయలేవు. మేత ఎక్కువై నీళ్ళు చెడ్డాయి, చెడ్డ నీళ్ళలో ఇవి పుట్టలు పుట్టలుగా పెరిగాయి.

మావని పిలిచి చూడమన్నాను. ఒక కన్ను మూసి చూశాడు. "తిరగలి తిరిగినట్టు తిరుగుతన్నాయి కోడలా" అన్నాడు మెల్లగా. అత్త చూసింది. దుకాణం ఆయన కూడా చూశాడు. అలక మర్చిపోయి అమ్మ వచ్చి అందరికంటే ఎక్కువసేపు చూసింది.

"ఇవి మొప్పల్లోనే ఉంటాయేటి?"

"మొప్పల్లోనే ఎక్కువ."

"అయితే జబ్బంతా పిల్లికేసినానన్నమాట" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

దుకాణం ఆయన చెడ్డవాడు కాదు. ఒకరికి పనిచేసిన మందు అందరికీ పనిచేస్తుందనుకునే మనిషి. "సదువుకున్న పిల్ల సెప్తన్నాది, కాదనను. రేపు మొత్తం తేలిపోతే పూచీ ఎవులిది?" అన్నాడు.

"నాది" అన్నాను.

మేడమ్‌కి ఫోన్ చేశాను. చూసినదంతా చెప్పాను. ఏది లేదో అదీ చెప్పాను.

"అయితే మేడమ్, నేను..."

"చెరువులో నీళ్ళెన్ని ఉన్నాయో లెక్క చూశావా?"

"చూశాను మేడమ్."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

పెట్టేశారు. ఇన్నాళ్ళూ ఒక్క పేరు కూడా చెప్పనివ్వని మనిషి, ఒక చెరువు చెరువంతా నా చేతిలో పెట్టారు.

మావ వలవాళ్ళని వద్దన్నాడు. మేత ఆపించాను, ఎరువు మూటలు గట్టు దింపించాను. అడుగు నీళ్ళని మోటారుతో పక్క బీడు పొలంలోకి తోడించి, కాలువ నుంచి కొత్త నీళ్ళు పెట్టించాను. నీళ్ళు తేరుకున్నాక పర్మాంగనేటు వేయాలి. అది తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. చెరువు నీళ్ళు బకెట్లలో పట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు కలిపి, ఏ రంగు ఎంతసేపు నిలుస్తుందో చూసుకుని లెక్క కట్టాను. చల్లాక చెరువంతా నేరేడుపళ్ళు పిసికిన రంగులోకి మారింది. మావ నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు. "ఇది సెరువేనా?" అన్నాడు.

నేను కాలేజీకి వెళ్ళకుండా మావ ఇంట్లోనే ఉండిపోయాను. మర్నాడు చేపలు తేలాయి. ఆ తర్వాతి రోజూ తేలాయి. మొప్ప బాగా దెబ్బతిన్న చేప, పురుగు పోయినా బతకదు. ఈ సంగతి నాకు తెలుసు, ముందే చెప్పాను కూడా. కానీ చెప్పడం వేరు, పొద్దున్నే గంప నిండటం చూడటం వేరు. చుట్టుపక్కల చెరువులవాళ్ళు వచ్చి ముందు గంప వైపు, తర్వాత నా వైపు చూసి వెళ్ళిపోయేవారు. మావ ఆ గంప మోసుకెళ్ళి గట్టు వెనక పూడ్చి వచ్చేవాడు. తిట్టినా బాగుండేది.

అలాంటి ఒక పొద్దున మోటారు షెడ్డులో కూర్చుని మొప్పలు చూస్తున్నాను. మొదటి చేప మొప్పలో తిరిగేది ఏదీ కనబడలేదు. ఇంకో చేప చూశాను. ఎక్కడో ఒకటి నత్తనడక నడుస్తోంది. ఇంకోటి, ఇంకోటి చూశాను. జిగురు తగ్గింది, మొప్పకి ఎరుపొస్తోంది. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక మళ్ళీ మొదటిది పెట్టి చూశాను. అప్పుడే మావ ఫోన్ మోగింది. తండేలు.

"ఇయాల సెప్పకపోతే ఇంకొకణ్ణి ఎక్కించేస్తాను" అన్న మాట నాకూ వినబడింది. మావ "ఉండు బావా" అని ఫోన్‌ని గుండెకి ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక గట్టు మీద అత్త గంప దించుతోంది. గంపలో ఆ పొద్దుటి చేపలు. అత్త మా మాటలు వినబడేంత దూరంలోనే ఉంది. ఇటు చూడలేదు.

"సెప్పు కోడలా" అన్నాడు మావ. "ఎల్లమంటావా, ఉండమంటావా?"

మావకి కనబడేది ఆ గంప. ఊరందరికీ కనబడేది ఆ గంపే. చక్రాలు ఆగిపోయాయని ఆ క్షణంలో నాకొక్కదానికే తెలుసు. నాది తప్పయితే మావకి చెరువూ ఉండదు, బోటూ ఉండదు. కావాలంటే మేడమ్‌కి ఫోన్ చేయొచ్చు. ఆవిడ ఏమంటారో నాకు తెలుసు. ఏం కనబడుతోందో చెప్పు అంటారు.

"మావా, పురుగు పోయింది. మొప్ప బాగుపడతన్నాది. ఇంకా కొన్నాళ్ళు కొన్ని సేపలు తేల్తాయి. వాటిని సూసి భయపడకు. తర్వాత ఆగిపోతాయి. నువ్వు ఉండిపో."

నా జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మైక్రోస్కోపులోకి చూస్తాడేమోనని పక్కకి జరిగాను. మావ దాని వైపు చూడలేదు. నా మొహంలోకి చూసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బావా, వేరేవోణ్ణి పెట్టుకో. నాకు ఇక్కడ పనున్నాది."

గంప దగ్గర అత్త ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పనిలో పడింది.

ఆ తర్వాత గంపలో చేపలు తగ్గుతూ వచ్చాయి. మావ కాలువ మూల నిలబడి, నోళ్ళు తెరిచేవి ఎన్ని ఉన్నాయో అని వెతుక్కునేవాడు. అవి లోపలికి వెళ్ళిపోయి మామూలుగా ఈదుతున్నాయి. నేను మావకి మేత ఎంత వేయాలో కొలత పెట్టి, చేతులు ఊరుకోకపోతే వల అల్లుకోమని చెప్పాను. దుకాణం ఆయన ఇంకో రైతుని వెంటబెట్టుకుని వచ్చి, "మొప్పలు సూడాలమ్మా" అన్నాడు. ఇప్పుడు చెరువుల మీదే నా ఉద్యోగం. చాలా చెరువులు చూశాను, పెద్దవి, పేరున్నవి. అయినా నువ్వేం సాధించావని ఎవరైనా అడిగితే ఆ గుమ్మంలో నేనన్న నాలుగు మాటలే గుర్తొస్తాయి. అవి గాలివాటుగా అన్నవి కావు. ఏడాదికి పైగా నోరు కట్టుకుని నేర్చుకున్న చదువు వాటిలో ఉంది. ఆ చదువంటే నాకు గర్వం, ఇప్పటికీ.

నేను గరివిడి బయల్దేరాల్సిన రోజు పొద్దున్న అందరం చెరువు దగ్గరే ఉన్నాం. చలి బాగా ఉంది. అత్త ఎప్పటిలాగే గంప పట్టుకుని గట్టు వెంబడి బయల్దేరింది. మంచులో ఆ చివరికి వెళ్ళి కనబడకుండా పోయింది. చెరువు చుట్టూ పూర్తిగా తిరిగి ఇవతలి వైపు నుంచి వచ్చింది. గంప మా ముందు బోర్లించింది. అందులోంచి ఏమీ పడలేదు.

మావ గట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. అత్త అతని వైపు చూడలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని మా అమ్మ వైపు తిరిగింది.

"ఒదినా, సికాకుళం ఎల్లినప్పుడు నాకో దుప్పటి తే. ఇన్నేళ్ళూ సలికాలంలో నానొక్కదాన్నే కప్పుకున్నాను. ఇద్దరికి సాలట్లేదు."

"సలి మొదలై ఇన్నాళ్ళయినాది. ఇప్పుడా సెప్పడం?" అంది అమ్మ.

"కొందామనే అనుకున్నాను" అంది అత్త. "ఉంటాడో, పోతాడో అని ఆగినాను."

అమ్మ బస్సుకి టైమవుతోందని తన గంప నెత్తికెత్తుకుని, పెద్దది తెస్తానని చెప్పి వెళ్ళింది.